గురవక్క అడ్డం రుద్దిన కత్తి

ఈ కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఒకనాడు పొద్దు సరిగ్గా బారెడెక్కిన వేళ, గురవక్క సానరాయి మీద నీళ్లు చల్లింది.

రోజూ చేసే పనే. తమ్ముడు బసవాచారి కొలిమిలో కత్తులు చేసేవాడు. ఆకురాయి గాట్లు, సుత్తి మచ్చలు, మంట డాగులు ఏవి మిగిలినా గురవక్క రుద్ది పోగొట్టేది. కత్తి బాగుంటే బసవాచారిని మెచ్చుకునేవారు. మచ్చ మిగిలితే గురవక్కను తిట్టేవారు.

ఆ రోజు కత్తి కోటలో దొరది. అద్దంలా ఉండాలన్నాడు దొర. గీత కనబడితే, అది ఎవరి చేతి తప్పో ఆ చెయ్యి నరికిస్తానన్నాడు. ఉత్తమాట కాదు. పక్క ఊళ్లలో ఇద్దరు కమ్మర్లు అప్పటికే ఎడమచేత్తో అన్నం తింటున్నారు. పొద్దుగూకేలోపు కత్తి కోటకు చేరాలి. వాకిట్లో దొర బంటు బల్లెం పట్టుకుని కూర్చున్నాడు.

గురవక్క ఎర్రరాయితో నిలువుగా రుద్దింది. గాట్లన్నీ పోయాయి. పిడి దగ్గర వెంట్రుకంత గీత మిగిలింది.

“అయిందా?” అన్నాడు బంటు.

“కాలేదు.”

నల్లరాయితో అడ్డంగా రుద్దింది. ఎర్రరాయి జాడలన్నీ పోయాయి. గీత పోలేదు.

“అయిందా? కత్తి రుద్దుతున్నావా, కునుకు తీస్తున్నావా?”

“అంత తొందరైతే నువ్వు రుద్దు నాయనా. బల్లెం నేను పట్టుకుంటా.”

బంటు నవ్వాడు. గురవక్క నవ్వలేదు.

ఇటుకపొడిలో నూనె కలిపి ఏటవాలుగా రుద్దింది. కత్తిలో తన ముఖం కనబడింది. ముఖానికి అడ్డంగా ఆ గీత.

బసవాచారి వచ్చి వంగి చూశాడు. కుడిచెయ్యి చంకలో దాచుకున్నాడు.

“అక్కా, అది నీ రాయి గీసిందే.”

“రాయి గీత అయితే అడ్డం రుద్దితే పోవాలి కదరా.”

“నీ రాయిదే అక్కా. నీ రాయిదే. నీ రాయిదే.”

గురవక్క ఆ దాచుకున్న చేతి వంక చూసింది. కత్తిని గుడ్డతో తుడిచింది.

“అయిందా?” బంటు లేచి గుమ్మంలోకి వచ్చాడు.

“అయింది. గీత ఉంది. నా రాయిది.”

కోటలో దొర కత్తిని ఒక్కసారి వెలుగుకు తిప్పాడు.

“ఎవరి తప్పు?”

“నాదే దొరా.”

“ఏ చేత్తో రుద్దావు?”

గురవక్క కుడిచెయ్యి చాపింది. వెనక్కి తీసుకోలేదు.

దొర కత్తిని బండకేసి కొట్టాడు. గీత దగ్గర రెండు ముక్కలైంది. ఆ తర్వాత నరికే పని వేరేవాళ్లు చూశారు.

సాయంత్రం బంటు ఆమెను తీసుకొచ్చి కొలిమి దగ్గర దించాడు. కత్తి ముక్కలు కూడా అక్కడే పడేశాడు. మూడోనాటికి జ్వరం కమ్మి గురవక్క పోయింది. “రాయి చూసుకోలేదు, చెయ్యి పోగొట్టుకుంది” అని ఊరంతా అంది. బసవాచారి కాదనలేదు.

ఇప్పటికీ ఆ వైపు కొత్త కత్తిని మొదట అడ్డంగానే రుద్దుతారు. గీత పోకపోతే రాయిని తిట్టరు. సాన పట్టే మనిషినీ తిట్టరు. కత్తిని మళ్లీ కొలిమిలో పడేస్తారు. కొన్నవాడి చేతికి ఇచ్చేముందు “గురవక్క చూసిందా?” అని ఒకరు అడగాలి. “చూసింది” అని ఇంకొకరు అనేదాకా ఎవరూ కత్తి అందుకోరు.

ఆ మాట మొదట అడిగినవాడు బసవాచారి. ఆమె పోయిన ఎనిమిదో రోజున, ఆ ముక్కల్ని కాల్చి మళ్లీ కొడదామని చేతిలోకి తీసుకున్నాడు. సానరాయి గీత పైపొర దాటదు. కొలిమిలోనే పగిలిన ఇనుముకైతే లోపలికి మసి పడుతుంది. ఈ రెండూ తెలియని కమ్మరి ఉండడు. అతను విరిగిన అంచును ఎండలో పెట్టి చూశాడు.

సగం తెల్లగా ఉంది. సగం నల్లగా ఉంది.