బియ్యంలో రాసుకున్న నాంచారు

ఇలా దగ్గరికి జరుగు చిట్టీ. కాళ్ళు ఊపకు. ఊఁ కొడుతూ వినాలి మరి, ఊఁ ఆగిందంటే నేనూ ఆపేస్తాను.

అనగనగా ఒక ఊళ్ళో, కోడి కన్నా ముందు మగ్గాలు నిద్రలేచే ఊళ్ళో, నాంచారు అనే పిల్ల ఉండేది. పిల్లంటే నీ అంత కాదులే, పెళ్ళీడుది. అమ్మా నాన్నా పోతే అన్న రాఘవులు, వదిన మంగతాయారు సాకారు. నాన్న విడిచిపోయిన మగ్గం మీద నాంచారు చీరలు నేసేది.

"ఏం కూర వండమంటావే?" అని వదిన అడిగితే "నీ ఇష్టం వదినా" అనేది. "ఈ చీరకి ఏ రంగు అంచు వేద్దాం?" అని అన్న అడిగితే "నీ ఇష్టం అన్నయ్యా" అనేది. "తిరణాలకి వస్తావా?" అని పక్కింటివాళ్ళు అడిగితే "మీ ఇష్టం" అనేది. నోట్లో నాలుక లేని పిల్ల, బంగారం అని ఊరంతా మెచ్చుకునేది. మెచ్చుకోరూ మరి! అడ్డు చెప్పని పిల్లతో ఎవరికి మాత్రం ఇబ్బంది?

అప్పుడు ఒకసారి మేనత్త కోటమ్మ వాళ్ళని చూడ్డానికి వచ్చింది. ఆవిడ ముక్కుసూటి మనిషి, నాలాగే. "మళ్ళీ వచ్చేటప్పుడు నీకేం తేనే?" అని అడిగింది.

"నీ ఇష్టం అత్తా."

"నా ఇష్టం నాకు తెలుసు. నీకేం కావాలో చెప్పు."

నాంచారు ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఏమీ తట్టలేదు. మొహమాటం కాదు చిట్టీ, నిజంగానే తెలీలేదు. ఎండిన బావిలో చేద వేసినట్టయింది. భయమేసి ఏడ్చేసింది.

అత్త తల నిమిరింది. "చిన్నప్పుడు మీ నాన్న నీ వేలు పట్టుకుని బియ్యంలో ఓనమాలు దిద్దించాడు గుర్తుందా? అలాగే రోజూ పొద్దున ఎసరు పెట్టాక, పళ్ళెంలో బియ్యం పరిచి ఒక్క మాట రాయి. నీ మనసులో ఉన్నదే రాయి. ఎవరికీ చూపించకు. ఆ తర్వాత కడిగి వండెయ్" అంది.

మర్నాడు నాంచారు పళ్ళెం ముందు కూర్చుంది. 'అంతా బాగుంది' అని రాసింది. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. రాయడమైతే మానలేదు కానీ, అది బడిలో కాపీ రాసినట్టుండేది. ఎవరూ చూడని చోట కూడా మంచి పిల్లలా ఉండాలనుకుంది, పిచ్చిది!

ఆ తర్వాత కొన్నాళ్ళకి 'అన్నయ్యకి కోపం వచ్చింది' అని రాసింది. 'వదినకి నడుం నొప్పి' అని రాసింది. రాసి రాసి ఒకరోజు వేలు ఆగిపోయింది. అన్నీ అన్నయ్యవీ, వదినవీ. ఇందులో నేనేదీ అనుకుంది.

ఆ తర్వాత ఒకనాడు, అనుకోకుండా 'నాకు కాకరకాయ అంటే పడదు' అని రాసేసింది. రాసి, చదువుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పుట్టినప్పటి నుంచీ తింటూనే ఉందిగా మరి! ఇంక అక్కణ్ణించి ఒక్కో మాటా వచ్చింది. నాకు వాన ముసురు ఇష్టం. నాకు పెద్దగా అరిస్తే భయం. నాకు అమ్మ గుర్తొస్తోంది. ఆ రోజు కళ్ళనీళ్ళు బియ్యంలో పడ్డాయి. అయినా కడిగి వండింది. ఆ అన్నమే అందరూ తిన్నారు, ఎవరికీ ఏమీ తెలీలేదు.

అలా ఉండగా, పక్క ఊళ్ళో ఉన్న అక్క ఆండాళ్ళు కవలపిల్లల్ని కన్నది. నాంచారుని తన దగ్గరే ఉంచేసుకుంటానని కబురు పెట్టింది. నాంచారు వెళ్ళిపోతే మగ్గం ఎవరు నేస్తారు? అందుకని రాఘవులు మగ్గం అమ్మేయడానికి బేరం కుదిర్చేశాడు. మగ్గం విప్పి పట్టుకెళ్ళడానికి గుమ్మంలోకి బండి కూడా వచ్చేసింది.

అప్పుడు రాఘవులు, అడగడం మర్యాద కదా అని, "ఏమంటావు తల్లీ?" అన్నాడు. జవాబు తెలిసినట్టే మగ్గం కట్టడానికి తాళ్ళు అందుకున్నాడు.

'నీ ఇష్టం' అన్న మాట నాంచారు పళ్ళ దాకా వచ్చేసింది. అలవాటు అంత చెడ్డది చిట్టీ. అంతలో చీర కుచ్చిళ్ళ మీద తన వేలు దానంతటదే కదులుతోంది. చూసుకుంది. పొద్దున బియ్యంలో రాసిన మాటే మళ్ళీ రాస్తోంది.

"నాకు మగ్గం కావాలి అన్నయ్యా" అంది. "అక్క దగ్గర మూణ్ణెల్లుండి, పిల్లల్ని చూసుకుని వస్తాను. మగ్గం మాత్రం అమ్మొద్దు. నేత నేస్తుంటేనే నేను నేనుగా ఉంటాను."

వదిన గుమ్మంలో నిలబడిపోయింది. బండివాడు తల గోక్కున్నాడు. రాఘవులు చెడ్డవాడు కాదు పాపం, అతని మొహం చిన్నబోయింది.

"ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేమ్మా?"

"నాకే తెలీదు అన్నయ్యా" అంది.

రాఘవులు తాళ్ళు కింద పడేశాడు. బండివాడికి నచ్చజెప్పి పంపేశాడు. తర్వాత చెల్లెలి పక్కన చతికిలబడి, ఈసారి నిజంగా తెలుసుకోవాలనే, "ఇంకేం కావాలి నీకు?" అని అడిగాడు.

నాంచారు కాసేపు ఆలోచించింది. ఈసారి భయపడలేదు.

"ఇంకా తెలీదు అన్నయ్యా. రేపు రాసి చూసుకుని చెప్తాను" అంది.

కథ వెళ్ళింది కంచికి,
మనమొచ్చాం మనింటికి,
కునుకొచ్చింది కంటికి,
దుప్పటి లాగు ఒంటికి.