తిరగని బెల్టు

ఓబులేసు చెవికి నంద్యాలలో మంచి పేరుంది. ఆ పేరు అందరికీ చెప్పేది మాత్రం ఎక్కువగా ఓబులేసే. ఇంజను శబ్దం వింటే చాలు, రోగమేంటో పట్టేస్తాడు. పదకొండేళ్లుగా మదార్ ఉస్తాద్ షెడ్డులో పని చేస్తూ, ఇక తనకు నేర్చుకునేదేమీ మిగల్లేదని అనుకోవడం మొదలుపెట్టాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒకరోజు పొద్దున్నే పశువుల డాక్టరు సువార్తమ్మ తన పాత కారును ట్రాక్టరుకు కట్టించి షెడ్డుకు తెచ్చింది. ఆ కారుకు ఇరవై రెండేళ్లు. మందుల పెట్టె వెనక సీట్లో వేసుకుని ఆమె ఊరూరూ తిరిగేది అందులోనే.

"తాళం తిప్పితే ఇంజను గిర్రున తిరిగింది గానీ అందుకోలేదు. ఆ శబ్దంలో ఎప్పుడూ ఉండే బరువు లేదు. ఇంకోసారి తిప్పలేదు" అంది.

"ఇంజను పోలేదు గదా?" అని కూడా అడిగింది. ఆ మోడలు తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. ఇంజను పోతే పాత సామాన్ల కొట్లలో కూడా ఇంకోటి దొరకదు.

ఉస్తాద్ ఓబులేసు వైపు తిరిగి, "టైమింగ్ బెల్టు చూడు" అన్నాడు.

కింద పిస్టన్లనూ పైన వాల్వులనూ ఒకే లెక్కలో నడిపించేది ఆ బెల్టే. అది పనిచేయకపోతే పిస్టన్లు పైకొచ్చి, తెరుచుకున్న వాల్వులను గుద్దేస్తాయి. తాళం తిప్పిన కొద్దీ ఇంజనుకు చేటు.

ఓబులేసు పై మూత విప్పి తొంగి చూశాడు. బెల్టు నిక్షేపంగా ఉంది.

"తెగల్యా ఉస్తాద్. పెట్రోలు వస్తా ఉన్నట్టు లేదు. ఒక్కసారి సెల్ఫ్ కొడితే చెప్పేస్తా" అంటూ వెళ్లి సీట్లో కూర్చున్నాడు. వినడానికి తల కూడా పక్కకు వంచాడు.

ఉస్తాద్ కిటికీలోంచి చెయ్యి పెట్టి, తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాడు.

"దిగు."

ఓబులేసుకు చిన్నతనమనిపించింది. డాక్టరమ్మ ముందు ఇదేమి పని అని మొహం మాడ్చుకుని దిగాడు. ఉస్తాద్ అతని వేలు పట్టుకుని, పైన కనిపిస్తున్న బెల్టు మీద ఆనించాడు. తను కింద గొంతుక్కూర్చుని, ఇంజను అడుగున, పిస్టన్లనూ బెల్టునూ తిప్పే ఇరుసు చివరనున్న పెద్ద బోల్టుకు పానా తగిలించాడు. ఎక్కడైనా అడ్డు తగిలితే ఆగిపోవడానికి వీలుగా, బొటనవేలంత దూరం మెల్లిగా తిప్పాడు.

"కదిలిందా?"

"లేదు."

ఇంకొంచెం తిప్పాడు.

"ఇప్పుడు?"

ఓబులేసు తన వేలిని ఇంకా గట్టిగా అదిమాడు. కింద బోల్టు తిరుగుతోంది, పైన బెల్టు ఉన్నచోటే ఉంది. అతను వేలు వెనక్కి తీసుకున్నాడు. ఉస్తాద్ అడ్డం రాకపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

కింది మూత విప్పితే రబ్బరు తునకలు రాలాయి. బెల్టు తెగలేదు. అడుగున బెత్తెడు మేర లోపలి పళ్లన్నీ ఊడిపోయాయి.

"ఆమె ఒక్కసారితో ఆపింది" అన్నాడు ఉస్తాద్, డాక్టరమ్మకు కూడా వినపడేలా.

"కడుపుతో ఉన్న బర్రెను చూసేటప్పుడు అంతే గదన్నా. ఏదన్నా తేడాగా ఉంటే చెయ్యి ఆపేస్తాం" అందామె.

మధ్యాహ్నానికి కొత్త బెల్టు ఎక్కింది. కిందా పైనా చక్రాల మీదుండే గుర్తులు కలిపి, ఓబులేసే పానాతో ఇంజనును రెండు చుట్లు తిప్పాడు. ఎక్కడా ఏదీ తగల్లేదు. అప్పుడు ఉస్తాద్ తాళంచెవి డాక్టరమ్మ చేతికిచ్చాడు. ఇంజను మొదటిసారికే అందుకుంది. ఏదో ఊళ్లో ఒక బర్రె పొద్దుటినుంచీ నొప్పులు పడుతోందట, ఆమె టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఓబులేసు కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాడు. కాసేపటికి ఉండబట్టలేక అడిగేశాడు.

"పై నుంచి చూస్తే బాగానే ఉంది గదా. పళ్లు పోయినాయని నీకెట్లా తెలిసింది ఉస్తాద్?"

"నాకు తెలీదు" అన్నాడు ఉస్తాద్. "తెలీదు గాబట్టే తాళం తీసుకున్నా."