కర్ర వదిలేసిన బర్కమా

అనగనగా అంటే మనవైపు కాదర్రా, సముద్రం దాటి ఎక్కడో ఆఫ్రికాలో, కొండల నడుమ ఒక ఊళ్ళో సుర్మా అనే తెగవాళ్ళుండేవాళ్ళు. వాళ్ళకి ఆవంటే ప్రాణం. తాగడానికి ఆవుపాలే, పాటలు కట్టడం ఆవు మీదే, పెళ్ళికీ ఆవులే. నవ్వకండి, అక్కడ మగపెళ్ళివాళ్ళే పిల్ల తండ్రికి ఆవుల్ని తోలిపెట్టాలి! ఊ కొడుతున్నారా?

ఆ ఊళ్ళో నబాలు అని ఒక గడుగ్గాయి పిల్ల. దానికి బర్కమా అనే పశువుల కాపరంటే ఇష్టం. తండ్రికేమో ఒలెలెగూ అనేవాడి మీద కన్ను. వాడికి బోలెడు మంద, పైగా కర్రల పందెంలో వాణ్ణి పడగొట్టినవాడే లేడు. అక్కడ పందెం గెలిచినవాణ్ణి కర్రల మీద కూర్చోబెట్టి ఆడపిల్లల దగ్గరికి మోసుకొస్తారు. నచ్చిన పిల్ల వాడి మెళ్ళో పూసలదండ వేస్తుంది. నువ్వు గెలువు, దండ వేసేస్తాను, ఇక మా అయ్య నోరెత్తలేడని నబాలు బర్కమాతో చెప్పింది. ఓడితే మాత్రం ఒలెలెగూ ఇంటికే కోడలు!

పందెం నాడు కుర్రాళ్ళంతా ఒంటికి తెల్లమట్టి పూసుకుని, వేళ్ళతో గీతలు గీసుకుని దిగారు. టకాటకా, ఫటాఫటా! చూస్తుండగానే బర్కమా దెబ్బకి ఒలెలెగూ వెల్లకిలా పడ్డాడు. పడ్డవాణ్ణి కొట్టకూడదు, అది వాళ్ళ కట్టుబాటు. కానీ పందెం నడిపే పెద్దమనిషి చెయ్యెత్తేదాకా చేతిలో కర్ర వదలకూడదు కూడానూ. మన బర్కమా ఏం చేశాడూ? కంగారుగా కర్ర అవతల పారేసి, దెబ్బ తగిలిందా అంటూ చెయ్యందించాడు. పిచ్చిమారాజు! ఓడినట్టే కదర్రా! జనం గొల్లున నవ్వారు. నబాలుకి ఏడుపొచ్చేసింది.

ఒలెలెగూని కర్రల మీదికెక్కించారు. వాడు కాస్త దూరం మోయించుకుని, ఆపి దింపమన్నాడు. నన్ను పడగొట్టిందీ వాడే, లేపిందీ వాడే, నాకెందుకీ ఊరేగింపని, తనే వెళ్ళి బర్కమాని ఎక్కించాడు. నబాలు పరుగున పోయి దండ వేసేసింది.

తండ్రి గయ్యిమన్నాడు. “కర్రనే పట్టుకోలేనివాడు నిన్నేం పట్టుకుంటాడే?”

“కొట్టడానికొచ్చినవాణ్ణే లేపాడయ్యా, నన్ను పడనిస్తాడా?” అంది నబాలు.

పాపం ఆయన కాసేపు గొణిగి, చివరికి తనే నవ్వేసి, అల్లుణ్ణి లోపలికి రమ్మన్నాడు. పెళ్ళికివ్వాల్సిన ఆవులు మెల్లమెల్లగా వచ్చాయిలే. అంచేత బంగారాలూ, రేపు ఆటలో ఎవరైనా పడితే నవ్వకండి, చెయ్యివ్వండి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.