పడకలు మింగిన ఫంక్షన్

జిలానీకి ఒళ్లు మండిపోతోంది. కళ్లెదుట దర్గా సత్రంలో పడకలన్నీ ఖాళీ. కంప్యూటరేమో అన్నీ నిండాయంటోంది!

పెద్దాసుపత్రిలో రోగులకు తోడుగా వచ్చినవాళ్లు తలదాచుకునే సత్రమది. ఏ పడక ఖాళీయో చెప్పడానికి జిలానీ డేటాబేస్ సర్వర్‌లో ఒక ఫంక్షన్, అంటే అడిగితే జవాబిచ్చే చిన్న ప్రోగ్రాం, రాశాడు. ఊరికే చెప్పడమెందుకు, పనిలో పనిగా ఆ పడకను అడిగినవాళ్ల పేరున రాసేస్తే పోలా అనుకున్నాడు. సర్వర్ ససేమిరా అంది. ఫంక్షన్ చూసి చెప్పాలే గానీ పేర్లుండే టేబుల్లో చెయ్యి పెట్టకూడదట. మనవాడు వింటాడా? దొడ్డిదారి వెతికి మరీ పెట్టించాడు.

గడపలో ఓబుళేసు తాత మూటతో నిలబడ్డాడు. ఆసుపత్రిలో ఆయన భార్యకు ఆపరేషన్.

"ఉండాదా లేదా నాయనా? లేకుంటే బస్టాండుకు పోతా."

జిలానీ గురువు దగ్గరికి పరుగెత్తాడు.

"హజ్రత్! పొద్దున పడకల లిస్టు ఒక్కసారి చూశానంతే. లిస్టు చూపించడానికి సర్వర్ ఒక్కో పడకకూ నా ఫంక్షన్‌ని అడుగుతుంది. అడిగితే ఏం పోయింది? ఎవరూ రాకుండానే అన్నీ నా పేరున నిండిపోయాయి! దీనికి పిచ్చెక్కింది."

హజ్రత్ తాతకు చాప వేయించి కూర్చోబెట్టారు. తర్వాత అన్నారు, "ఇఫ్తార్ గంజి ఉడుకుతోంది. ఉప్పు చూసి రా."

ఈ గొడవలో గంజేమిటా అనుకుంటూనే జిలానీ వెళ్లొచ్చాడు. "ఉప్పు కొంచెం తగ్గింది హజ్రత్."

"ఎంత తాగావు?"

"అయ్యయ్యో, రోజా ఉపవాసంలో ఉన్నా కదా! నాలుక కొసన పెట్టుకుని ఉమ్మేశా."

"మింగకుండానే తెలిసిందా?"

"తెలీదా మరి! పదిసార్లు అడిగినా చూసి చెప్తా. మింగితే కదా రోజా పోయేది."

"ఉప్పు వేసొచ్చావా?"

"లేదు, వంటాయనకు చెప్పొచ్చా. నేను చూసి చెప్తా, వేసేది ఆయన..."

సిగ్గుతో జిలానీ చెవులు ఎర్రబడ్డాయి. గబగబా వెళ్లి ఫంక్షన్‌లోంచి దొడ్డిదారి తీసేశాడు. పడకలన్నిటి మీదా ఉత్తినే పడ్డ తన పేరు చెరిపేసి మళ్లీ అడిగాడు. ఖాళీ అంది. ఇంకోసారి అడిగాడు. ఖాళీయే అంది.

"తాతా, లోపలికి రా," అన్నాడు. "నీ పేరు నేను రాస్తా."