సుంకులమ్మ మూర

నేల ఉండేది, నీళ్లుండేవి, కొలిచే బద్ద మాత్రం ఇంకా పుట్టని కాలమది. నల్లగుండు అనే బండ వైపు మిట్టపల్లె, వాగు వైపు వంకపల్లె. మిట్టపల్లెలో పుట్టి వంకపల్లెకు కోడలైంది సుంకులమ్మ. జనుము నారతో తాళ్లు పేనేది.

ఒక ఏడు వాగు పొంగింది. రెండూళ్ల నడుమ పాతిన గెట్టురాళ్లు కొట్టుకుపోయాయి. పెద్దలు చెప్పిపోయిన మాటే మిగిలింది.

"నల్లగుండు నుంచి నూరు బారలు మాది" అన్నారు మిట్టపల్లె వాళ్లు.

"కాదు, నాలుగొందల మూరల దాకానే మీది" అన్నారు వంకపల్లె వాళ్లు.

మోచేయి నుంచి వేలి కొస దాకా మూర. రెండు చేతులూ చాపితే బార. నాలుగు మూరలైతే ఒక బార. అంటే రెండు మాటలూ ఒకటే! అయినా గొడవ తెగలేదు.

మిట్టపల్లె తరఫున ఎర్రోబులు కొలిచాడు. తాటిచెట్టంత మనిషి. హద్దు వంకపల్లె చేలల్లోకి వచ్చిపడింది.

"అది ఎవరి బార?" అని అడిగింది సుంకులమ్మ. అందరూ నవ్వారు.

వంకపల్లె తరఫున కుళ్లాయప్ప కొలిచాడు. పొట్టి మనిషి. హద్దు మిట్టపల్లె చేలల్లోకి పోయింది.

"అది ఎవరి మూర?" మళ్లీ అడిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. కర్రలు లేచాయి. ఆ పక్క ఆమె అన్న, ఈ పక్క మొగుడు పుల్లన్న.

సుంకులమ్మ మధ్యకొచ్చి నిలబడింది. "కొట్టుకుంటే కొట్టుకుందురు గానీ, ముందు ఇది చెప్పండి. పెద్దలు మూర అన్నారే, ఎవరి మూర?"

ఎవరికీ తెలియదు. ఆమెకూ తెలియదు.

"తెలియదు గదా. అయితే మనమే ఒకటి చేసుకుందాం" అంది.

కొత్త తాడు తెచ్చి నేల మీద పరిచింది. ఆ ఊరి నుంచి ఎనిమిది మంది, ఈ ఊరి నుంచి ఎనిమిది మంది వచ్చారు. పొడుగువాళ్లు, పొట్టివాళ్లు, ఆడవాళ్లు, ముసలివాళ్లు. ఒకరి వేలి కొస ఆగిన చోట ఇంకొకరు మోచేయి ఆనించారు. పుల్లన్నా చెయ్యి ఆనించాడు. చివరి మూర సుంకులమ్మదే. అక్కడ తాడు కోసింది. సగానికి మడిచింది. మళ్లీ మడిచింది. మళ్లీ మడిచింది. ఇంకొక్కసారి మడిచింది. చేతిలో మిగిలిన మడత పొడుగే మూర అయింది. అందులో సగం జాన. నాలుగు కలిపితే బార.

ఆ మూరతో కొలిచారు. జనమంతా వెనకాలే నడిచారు. హద్దు పోయి పోయి పుల్లన్న చేలోనే ఆగింది. జనుము వేసిన నేల చెక్క మిట్టపల్లెకు పోయింది.

"పుట్టింటికి దోచిపెట్టావు గదే!" అన్నాడు పుల్లన్న.

సుంకులమ్మ కళ్లు తుడుచుకుంది. "ఆ తాట్లో నీ చెయ్యీ ఉంది, నా చెయ్యీ ఉంది. ఏది తీసెయ్యమంటావు?"

అతను చాన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఒకనాడు పొద్దున్నే గెట్టురాయి భుజాన మోసుకుపోయి, ఆ హద్దులో తనే పాతి వచ్చాడు. "అన్నం పెట్టు" అన్నాడు.

సుంకులమ్మ పోయినప్పుడు మా ఆడబిడ్డ అని ఆ ఊరు, మా కోడలని ఈ ఊరు అడిగాయి. పుల్లన్న ఏ ఊరికీ ఇవ్వలేదు. గెట్టుకు అడ్డంగా, తల పుట్టింటి వైపు, కాళ్లు మెట్టినింటి వైపు పెట్టి పూడ్పించాడు.

ఇప్పటికీ ఆ చోటును ఏ ఊరూ తన లెక్కలో కలుపుకోదు. దున్నేటప్పుడు రెండు వైపుల నాగళ్లూ అక్కడికి రాగానే పక్కకు తిరుగుతాయి. తెలియనివాళ్లు ఎవరైనా అడుగు పెట్టబోతే, "అది సుంకులమ్మ నేల, చుట్టూ తిరిగి రా" అంటారు రెండూళ్ల వాళ్లూ.