ఇవ్వనన్న యంత్రం

కాకినాడలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో భానోజీ అనే కంప్యూటర్ ఇంజనీరు ఉండేవాడు. పనిలో దిట్టే గానీ, ఎవరైనా "కాదు" అంటే చాలు, అతనికి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఎందుకు కాదన్నారో అడిగే అలవాటు అతనికి లేదు. ఆసుపత్రి ఎదురుగా గవర్రాజు టిఫిన్ హోటల్ ఉండేది. అక్కడి అల్లం పచ్చడి గురించి మొదలుపెడితే అదే ఒక కథ అవుతుంది, కాబట్టి వద్దు. ఒకరోజు గవర్రాజు, "ఇవాళ మీకు పెసరట్టు లేదండీ" అన్నాడు. పక్క బల్ల దగ్గర ఎవరో పెసరట్టు తింటూనే ఉన్నారు. భానోజీ విసురుగా లేచి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. నష్టం ఎవరికి? పాపం, అతని నాలుకకే.

ఆసుపత్రిలో రోగుల స్కాన్లు, ఎవరికి ఏ మందు, ఎక్కడ ఎంత రేడియేషన్ అనే లెక్కలు, అన్నీ ఒక చల్లటి గదిలోని రెండు యంత్రాల్లో భద్రంగా ఉండేవి. అవి జంట యంత్రాలు. ఒకటి ఆగితే దాని బరువు కూడా రెండోది మోస్తుంది. పూర్వం పెళ్లి పల్లకీలు మోసే బోయీలను చూసినవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. దారిలో భుజం నొప్పెడితే వాళ్లు పల్లకీ కిందికి దించేవారు కాదు. నడుస్తూ నడుస్తూనే భుజం మార్చుకునేవారు. లోపలున్న పెళ్లికూతురికి కుదుపు కూడా తెలిసేది కాదు. ఆ బోయీల పాటలు పాడేవాళ్లు ఇప్పుడు లేరు, అది వేరే సంగతి.

ఆ యంత్రాల్లో పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది వేయాల్సి వచ్చింది. అదీ పల్లకీ దించకుండా, అంటే ఆసుపత్రి పని ఆగకుండా. ముందు ఒక యంత్రం బరువును రెండోదానికి అప్పగించాలి. మొదటిదానికి కొత్త సాఫ్ట్‌వేర్ వేసి, దాని బరువు దానికి తిరిగి ఇప్పించాలి. తర్వాత రెండోదానికీ అంతే.

"రోగుల పనికి అడ్డం రాదు కదా?" అని పెద్ద డాక్టరు శ్యామలాంబ గారు అడిగారు.

"మీరు భోజనానికి లేచేలోపు అయిపోతుందండీ. ఎవరికీ తెలియను కూడా తెలియదు" అన్నాడు భానోజీ.

అతనికి తోడుగా మెహరున్నీసా కూర్చుంది. ఆమె కూడా ఇంజనీరే. మనిషి నెమ్మది, మాట మాత్రం సూటి.

మొదటి యంత్రం కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుని చక్కగా లేచింది. దాని బరువు దానికి ఇచ్చెయ్యమని భానోజీ రెండోదానికి ఆజ్ఞ పంపాడు. ఇప్పుడు ఇవ్వడం కుదరదని తెర మీద జవాబు వచ్చింది.

"ఏమిటి దీని మొండితనం!" అన్నాడు భానోజీ.

"కింద కారణం కూడా చెప్పింది సార్. ఈలోపు ఎవరో ఫైలు తెరిచి పని చేసుకుంటున్నారట. ఎవరో కనుక్కుందాం" అంది మెహరున్నీసా.

"యంత్రాన్ని బతిమాలుకోవాలా? ఇదేమన్నా మా అత్తగారా?"

"అత్తగారైతే మీరు ఈపాటికి లొంగిపోయి ఉండేవారు."

యంత్రం కాదన్నా, తెరిచి ఉన్న పని తెగిపోయినా సరే, బలవంతంగా ఇప్పించే ఆజ్ఞ ఒకటుంది. వేరే దారి లేనప్పుడు వాడుకోవడానికి పెట్టిన ఆజ్ఞ అది. మెహరున్నీసా వారిస్తూండగానే భానోజీ దాన్ని టైపు చేసి మీట నొక్కాడు. యంత్రం బరువు ఇచ్చేసింది.

"చూశావా? గట్టిగా చెబితే అన్నీ వింటాయి" అన్నాడు.

మెహరున్నీసా తెర మీది కారణాన్ని ఇంకోసారి చదువుకుంది.

ఇక రెండో యంత్రం వంతు. దాని బరువును మొదటిది ఎత్తుకుంది. రెండోది కూడా కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుని లేచింది. తీరా బరువు తిరిగి ఇవ్వమంటే, ఈసారి మొదటి యంత్రం కుదరదంది.

"కొత్త సాఫ్ట్‌వేర్ వేసినా పాత బుద్ధి పోలేదు!" అని భానోజీ మళ్లీ బలవంతపు ఆజ్ఞ టైపు చేయబోయాడు.

"ఈసారి నేను ఒప్పుకోను సార్."

"నువ్వూ కాదంటావా?"

"కాదనే అంటాను. ఈసారి తెరిచి ఉన్న ఫైలు ఎవరిదో చూశాను, రేడియేషన్ లెక్కల గదిది. నొక్కాలంటే నొక్కండి. ముందు అక్కడికి వెళ్లి, వాళ్ల మొహం చూసొచ్చి నొక్కండి."

భానోజీకి పౌరుషం వచ్చింది. "వెళ్తాను. వెళ్లి ఆ ఫైలు మూయించే వస్తాను" అని బుసలు కొడుతూ బయలుదేరాడు.

ఆ గది ముందు బల్ల మీద ఉప్పాడ నేతగాడు సత్తియ్య, అతని భార్య అప్పాయమ్మ కూర్చుని ఉన్నారు. సత్తియ్య గొంతులో గడ్డ. గంజి కూడా కష్టం మీద దిగుతోంది. మాట బొంగురుపోయింది. లోపల రత్నకుమారి అనే ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క కడుతోంది. రేడియేషన్ గడ్డకే తగలాలి, పక్కన మంచి కండకు తగలకూడదు. అదీ ఆమె కట్టే లెక్క.

"ఆ ఫైలు కాసేపు మూసెయ్యండమ్మా" అన్నాడు భానోజీ.

ఆమె తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పొద్దున్న కట్టిన లెక్క పూర్తవుతుందనగా తెగిపోయిందండీ. ఎందుకో తెలీదు. మళ్లీ మొదట్నుంచి కడుతున్నాను. మొదటి యంత్రం మీద నమ్మకం పోయి, ఈసారి రెండోదాంట్లో దాచుకుంటున్నాను. ఇదీ పోతే ఆయనకి ఇవాళ చికిత్స మొదలవదు. మళ్లీ సోమవారమే. సోమవారానికి ఆ గంజి కూడా దిగుతుందో లేదో."

భానోజీకి ఆ యంత్రాలు ఎవరి కోసం కాదన్నాయో అప్పుడు తెలిసింది.

"పొద్దున్న తెంపింది నేనేనమ్మా" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ అప్పాయమ్మ ఆ మాట వింది. "అదేటి బాబూ! మగ్గం మీద చీర సగంలో ఉండగా ఎవరన్నా కత్తిరిస్తారా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

భానోజీ పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాడు. "ఆలస్యమవుతుందండీ. తప్పు నాది. ఈ లెక్క పూర్తయ్యేదాకా యంత్రాన్ని కదపను."

"ఒక్క యంత్రమే అంతా మోస్తోంది కదయ్యా. దానికేమైనా అయితే?"

"అందుకే దాని పక్కనే కూర్చుంటానండీ."

అన్నట్టే కూర్చున్నాడు. భోజనాల వేళ దాటిపోయింది. యంత్రం ఫ్యాను చప్పుడు కాస్త పెరిగినా అతను ఉలిక్కిపడేవాడు. "ఇంకొంచెం ఓర్చుకో తల్లీ" అని పైకే అనేశాడు.

"ఇందాక అత్తగారా అన్నారు. ఇప్పుడు తల్లి అయిందా?" అంది మెహరున్నీసా. ఇద్దరూ నవ్వుకున్నారు.

చివరికి రత్నకుమారి ఫోన్ చేసింది. "లెక్క అయిపోయిందండీ. డాక్టరుగారు చూసి సరేనన్నారు." భానోజీ మామూలు ఆజ్ఞే పంపాడు. యంత్రం మారుమాట లేకుండా బరువు తిరిగి ఇచ్చేసింది. ఆ పూటే సత్తియ్యకు చికిత్స మొదలైంది.

సాయంత్రం అప్పాయమ్మ చల్లటి గది వెతుక్కుంటూ భర్తతో వచ్చింది. "మాకోసం పని ఆపుకుని కూర్చున్నారంట. మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి బాబూ" అంది.

భానోజీకి కళ్లు చెమర్చాయి. "ఆ దీవెన నాకు కాదమ్మా. నన్ను ఆపింది ఈవిడ" అని మెహరున్నీసాను చూపించాడు.

"నాకంటే ముందు కాదన్నది ఆ యంత్రం" అంది ఆమె.

సత్తియ్య గది అద్దంలోంచి లోపలికి చూసి, ఆ యంత్రానికి రెండు చేతులూ జోడించాడు. పొద్దున్నే మగ్గానికి మొక్కి పనిలో కూర్చునే మనిషికి అందులో వింతేమీ లేదు.

ఆ రోజు భానోజీ మెహరున్నీసాను వెంటబెట్టుకుని గవర్రాజు హోటల్‌కు వెళ్లాడు. "అప్పుడు నాకు పెసరట్టు లేదన్నావు, ఎందుకయ్యా?" అని అడిగాడు.

"పిండి పులిసిపోయిందండీ. పుల్లటిది తింటే పొట్టలో మంటని మీరే చెప్పేవారు కదా. తెలిసి తెలిసి ఎలా పెడతానండీ?" అన్నాడు గవర్రాజు. "అడిగితే చెబుదునుగా!"

భానోజీ చాలాసేపు నవ్వాడు. ఆలస్యంగానైనా అతనికి మనసారా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. తర్వాత అల్లం పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాడు.

నీతి: ఎవరైనా కాదంటే కోపం తెచ్చుకోకూడదు, ఎవరి మేలు కోరి కాదన్నారో అడిగి తెలుసుకోవాలి, తెలిశాక వారికి కృతజ్ఞత చెప్పుకోవాలి.