పైడమ్మ చుట్ట, రాజుగారి నాలుక

ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోట ఒక చిన్న రాజ్యం ఉండేది. ఎంత చిన్నదంటే, కోట బురుజు మీద రాజుగారు తుమ్మితే పొరుగు రాజ్యంలో చిరంజీవ అనేవారు. దాన్ని శోభనాద్రి భూపతి ఏలేవాడు.

శోభనాద్రికి అన్నీ ఉన్నాయి. ఒక్క మాటే లేదు. "నాకు తెలియదు" అన్న మాట. పుట్టిన దగ్గర నుంచీ అది ఆయన నోట ఎవరూ వినలేదు. ఏనుగుకు జ్వరం వస్తే మావటికి మందు ఆయనే చెప్పేవాడు. పడవ కారితే వడ్రంగికి ఉపాయం ఆయనే చెప్పేవాడు. ఏనుగు తనంతట తాను కోలుకునేది. పడవ మునిగేది. రెండింటికీ సభ భేష్ అనేది.

ఒకసారి ఆయన బావమరిది పెళ్ళికి మామగారి రాజ్యం వెళ్ళాడు. భోజనాలయ్యాక వెండి పళ్ళెంలో చుట్టలు వచ్చాయి. సన్నవి, లావువి, పచ్చనివి, నల్లనివి. తిన్నాక చుట్ట కాల్చడం అక్కడి మర్యాద. శోభనాద్రి అంతకుముందు చుట్ట ముట్టి ఎరగడు.

"బావగారికి ఏది అలవాటు?" అని అడిగాడు పెళ్ళికొడుకు.

అలవాటు లేదంటే సరిపోయేది. ఆయన అన్నిటికంటే లావైనదీ నల్లనిదీ చూసి తీసుకున్నాడు. రాజుకు తగినది అదే అయి ఉండాలి కదా. నౌకరు వెలిగించి ఇచ్చాడు. రాజుగారు వెలిగిన కొసను నోట్లో పెట్టుకున్నారు.

దానికి కారణం ఉంది. ఆయన దగ్గరగా చూసిన చుట్ట ఒక్కటే. పాలిచ్చి పెంచిన దాది పైడమ్మ చుట్ట. ఆ తీరాన పల్లె ఆడవాళ్ళు నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. ఒళ్ళో బిడ్డ ఉంటే మీద నుసి రాలదు. ఆ ఒళ్ళో కూర్చుని ఆరేళ్ళు ఆ పొగ చూశాడు. చుట్ట అంటే అంతే అనుకున్నాడు.

పెళ్ళివారు నవ్వలేదు. ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది ఇంకా కష్టం.

ఇంటికి వచ్చి పదిరోజులు పెరుగన్నం తిన్నాడు. ఆ పైన దివాను జోగిపంతులును పిలిచి ఆజ్ఞ రాయించాడు. "అడ్డపొగ తాగువారు, ఎంతటివారైనా సరే, ఏరు దాటి రాజ్యం విడిచి పోవలెను." ఎంతటివారైనా సరే అన్నది రాజుగారు స్వయంగా కలిపిన మాట. రెండుసార్లు చదివించుకుని విన్నారు.

పల్లెలో ఆడవాళ్ళు చుట్టలు చూరులో దాచారు. తలుపులు వేసుకుని కాల్చుకున్నారు. పైడమ్మ ఒక్కతే సాయంత్రం కాగానే, ఎప్పటిలాగే గడప మీద కూర్చుని వెలిగించింది.

పైడమ్మది ఒంటి బతుకు. మగడు సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. బిడ్డ పుట్టిన పదో రోజున పోయింది. పదకొండో రోజున కోట నుంచి పల్లకి వచ్చింది, రాణిగారికి పాలు పడలేదని. ఆరేళ్ళు ఆ పిల్లవాణ్ణి ఎత్తుకుంది. ఏడో ఏట గురువులు వచ్చారు. ఆమెను ఇంటికి పంపారు.

పట్టాభిషేకం నాడు కొబ్బరుండలు చేసి పట్టుకెళ్ళింది. ద్వారం దగ్గర భటుడు ఉండలు తీసుకుని ఆమెను వెనక్కి పంపాడు. తర్వాత పన్నెండేళ్ళు, ఏడాదికి ఒకసారి వెళ్ళింది. భటులు మారారు. మాట మారలేదు.

"తలుపేసుకో వదినా, భటులు తిరుగుతున్నారు" అంది పక్కింటి గురమ్మ.

"లోపల గాలి ఆడదే" అంది పైడమ్మ.

మూడో సాయంత్రం వాళ్ళు వచ్చారు. ఆమె మూట అప్పటికే కట్టి ఉంది.

మర్నాడు సభ నిండింది. అనుమానం మీద పట్టుకొచ్చిన పల్లె ఆడవాళ్ళు మరో పదిమంది ఉన్నారు. పైడమ్మ తలెత్తి సింహాసనం వైపు చూసింది. చిక్కిపోయాడు అనుకుంది.

"నోరెలా ఉంది బాబూ?" అని అడిగింది.

సభలో వింజామర ఆగిపోయింది.

"మహారాజా అనాలి" అన్నాడు జోగిపంతులు.

"నోరెలా ఉంది మహారాజా?"

రాజు ముఖం ఎర్రబడింది. "నీ మీద నేరం ఉంది. అడ్డపొగ తాగావు" అన్నాడు. ఒకటి రెండు అక్షరాలు సరిగా పలకలేదు. నాలుక ఇంకా మానలేదు.

"ఎవరు చూశారు?"

"నేను" అన్నాడు భటుడు. "గడప మీద కూర్చుంది. నోట్లోంచి పొగ వచ్చింది."

"పొగ చూశావా, నిప్పు చూశావా నాయనా?"

"నిప్పు నోట్లో ఉంటే బయటికి ఎలా కనపడుద్ది?"

ఎవరో దగ్గారు. పైడమ్మ రాజువైపు తిరిగింది. "చూడని నిప్పుకు ఏరు దాటించడం ఎలా మహారాజా? తమకు తెలియనిది లేదంటారు. నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషిని ఎలా పోల్చాలో తమరే చెప్పండి."

అడగడమే ఆలస్యం. "అదెంత పని" అన్నాడు శోభనాద్రి. "నాలుక చూస్తే సరి. కాలి ఉంటుంది."

"తప్పకుండా కాలుతుందా?"

"తప్పకుండా. నాకు తెలుసు."

ఎలా తెలుసో ఎవరూ అడగలేదు.

"నాలుక కాలకపోతే?"

"నిర్దోషి."

"కాలి ఉంటే?"

"పడవ ఎక్కవలసిందే."

"ఎంతటివారైనా?"

"ఎంతటివారైనా సరే."

"పంతులుగారూ, ఆ మాట రాసుకోండి" అంది పైడమ్మ.

జోగిపంతులు రాశాడు. రాసి, రాసింది చదువుకున్నాడు. ఆయన కూడా ఆ పెళ్ళికి వెళ్ళినవాడే. చేతిలో గంటం కదల్లేదు.

పైడమ్మ నోరు తెరిచింది. రాజవైద్యుడు వంగి చూశాడు. "లేత తమలపాకులా ఉంది" అన్నాడు. ముప్పై ఏళ్ళు నోట్లో నిప్పు తిప్పిన మనిషి నాలుక కాల్చుకుంటుందా. తర్వాత పదిమందీ వరసగా నాలుకలు చాపారు. కొందరు అవసరం కంటే ఎక్కువసేపే చాపారు. ఒక్కదాని మీదా మచ్చ లేదు.

"పల్లెలో అయింది" అంది పైడమ్మ. "ఎంతటివారైనా అన్నారు కదా, ఇక కోటలో చూడాలి. దివానుగారితో మొదలుపెట్టమంటారా?"

జోగిపంతులు నాలుక చాపాడు. సేనాపతి చాపాడు. వైద్యుడు ఒక్కొక్కరినీ చూసుకుంటూ సింహాసనం మొదటి మెట్టు దాకా వచ్చి ఆగాడు. రాజు పెదవులు బిగించాడు.

రేవులో పడవ సిద్ధంగా ఉంది. రాజ్యం మొత్తం మీద అందులో ఎక్కవలసిన మనిషి ఒక్కడే. అది సభలో అందరికీ తెలుసు. అందరూ నేల చూశారు.

పైడమ్మ మాత్రం ఆయన ముఖమే చూసింది. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే, ఏడవకుండా ఉండాలని పెదవులు ఇలాగే బిగించేవాడు.

"అక్కడ చూడక్కర్లేదు అయ్యా" అంది వైద్యుడితో. "ఆ నోరు నాకు తెలుసు. అందులో మొదటి పన్ను మొలిచిందని చెప్పింది నా వేలే." ఆమె మూట చంకన పెట్టుకుంది. "నేరం నాదే మహారాజా. కాల్చడం చూపించాను. నేర్పలేదు. పడవ ఎక్కమంటే ఎక్కుతాను."

 రాజు భుజాలు కదిలాయి. సభ భయపడింది. ఆయన నవ్వుతున్నాడు. నవ్వితే నాలుక మండుతోంది. మండితే అబ్బా అంటున్నాడు. అని మళ్ళీ నవ్వుతున్నాడు. సభ దివాను వైపు చూసింది. దివాను నవ్వాక అందరూ నవ్వారు.

"ఇంత తెలివి ఉన్నదానివి" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుని, "తలుపు వేసుకుని కాల్చుకోవచ్చు కదా. భటులకు ఎందుకు దొరికావు?"

"పన్నెండేళ్ళు ద్వారం దాకా వచ్చి వెనక్కి పోయాను బాబూ. నిన్ను చూడాలంటే దొరనైనా కావాలి, దొంగనైనా కావాలి. దొరను ఎలాగూ కాలేను."

నవ్వు ఆగింది. మహారాజా అనాలని ఈసారి పంతులు అనలేదు.

శోభనాద్రి ఆజ్ఞాపత్రం తెప్పించి నిలువునా చించాడు. తన భుజాల మీది శాలువా తీసి ఆమెకు కప్పాడు. "ఏం కావాలో కోరుకో. మాన్యమా, మేడా?"

"ఇల్లుంది. అందులో మాట్లాడే దిక్కే లేదు" అంది పైడమ్మ. "నీ ద్వారం దగ్గరి భటులకు నా ముఖం ఒకసారి చూపించు. చాలు."

రాజు అలాగే అన్నాడు. రాణివాసానికి వెళ్ళే పెద్ద వాకిట్లోంచి ఆమె ఎప్పుడు వచ్చినా అడ్డు చెప్పరాదని భటులందరి ముందూ ప్రకటించాడు.

సభ లేచింది. పైడమ్మ శాలువా మడిచి మూట మీద పెట్టుకుని బయల్దేరింది.

"పైడమ్మా" అని వెనక నుంచి రాజు పిలిచాడు. "ఆ పెళ్ళిలో, ఆ పళ్ళెంలో, నేను ఏది తీసుకోవలసింది?"

"నువ్వే చెప్పు బాబూ. నీకు తెలియనిది ఏముంది?"

రాజు అటూ ఇటూ చూశాడు. సభ ఖాళీ.

"నాకు తెలియదు" అన్నాడు.

గుమ్మం దాటుతున్న జోగిపంతులు ఆగాడు. చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, పెద్దతనం అనుకుంటూ వెళ్ళిపోయాడు.

పైడమ్మ సింహాసనం మెట్టు మీద కూర్చుని మూట విప్పింది. రెండు చీరలు, ఒక గిన్నె, కొన్ని చుట్టలు. చుట్టలు నేల మీద పరిచింది.

"కొత్తవాడు లావు చూసి మోసపోకూడదు. చిటికెన వేలంత చాలు. నలుపు జోలికి పోకు, ఆ ఆకు ఘాటు. ఎండిన అరటాకు రంగుది చూడు. ఇలా చెవి దగ్గర పెట్టుకుని నొక్కు. గలగలమంటే ఎండిపోయింది, గొంతు పట్టుకుంటుంది. మెత్తగా లొంగి మళ్ళీ లేవాలి. అన్నం తిన్నాకే కాల్చు. పొగ మింగకు. మొదటిసారి సగం చాలు."

"ఇంకా?"

"ఒంటరిగా కాల్చకు. కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి పక్కన మనిషి ఉండాలి."

"నీ పక్కన ఎవరున్నారు?"

"మొదటిదానికి మా ఆయన ఉన్నాడు" అంది పైడమ్మ. తర్వాత వాటి సంగతి చెప్పలేదు.

రాజు సింహాసనం దిగి మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ రాజ్యంలో ఆయన ఎవరి పక్కనా కూర్చోలేదు. కూర్చునే చోటు ఎవరూ ఉంచలేదు. పరిచిన వాటిలో సన్ననిది ఒకటి తీసి, చెవి దగ్గర నొక్కి చూసి, ఆమె చేతికిచ్చాడు. ఆమె వెలిగించి ఇచ్చింది.

"ఏ కొస?" అన్నాడు.

"నిప్పు లేనిది బాబూ."

ఆ సాయంత్రం పల్లెలో పైడమ్మ గడప మీద పొగ లేదు. కోట కిటికీలోంచి లేచింది, రెండు పాయలుగా.